నది పైన, ఊరు కింద: యుద్ధం తర్వాత ఇంగ్లండ్ ఫెన్ పల్లెల బతుకు

క్లుప్తంగా: తూర్పు ఇంగ్లండ్‌లోని ఫెన్ ప్రాంతం చిత్తడిని ఎండగట్టి తీసిన సాగునేల. ఎండిన కొద్దీ నేల కుంగింది, కాబట్టి అక్కడ పంపులు ఆగితే పొలాలు మునుగుతాయి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఈ పల్లెలకు కుళాయి నీళ్లు, కరెంటు, గట్టి ఇళ్లు, పంటకు ధర హామీ దాదాపు ఒకే కాలంలో అందాయి. ధర హామీ వల్ల రైతు చేతికి వచ్చిన డబ్బు యంత్రాల మీదకు వెళ్లింది. ఇరవై ఏళ్లలోనే పొలానికి మనుషుల అవసరం బాగా తగ్గిపోయింది.

1953 సెప్టెంబరు దాకా బ్రిటన్‌లో చక్కెర రేషన్ మీదే దొరికేది. మనిషికి వారానికి సాధారణంగా 8 ఔన్సులు, అంటే పావుకిలో కన్నా కాస్త తక్కువ. ఆ ఏళ్లలోనే కేంబ్రిడ్జ్‌షైర్, నార్ఫోక్, లింకన్‌షైర్ జిల్లాలు కలిసే చోట ఉన్న నల్లటి పొలాల్లోంచి చక్కెర దుంపలు బళ్ల కొద్దీ ఫ్యాక్టరీలకు వెళ్తున్నాయి. ఆ దుంపలు పీకినవాళ్ల ఇళ్లలో మాత్రం టీలోకి చెంచాల లెక్కే. పంట ఊళ్లో పండేది, దాని ధరా పంపకమూ లండన్‌లో తేలేవి. యుద్ధం తర్వాతి ఫెన్ పల్లెలో చాలా సంగతులు ఇలాగే నడిచాయి.

ఇంగ్లండ్ పల్లె అంటే చాలామందికి సినిమాల్లో చూసిన బొమ్మే గుర్తొస్తుంది. పచ్చటి కొండవాలు, రాతి చర్చి, గడ్డి కప్పిన ఇళ్లు, ఊరి మీద పెత్తనం చేసే జమీందారు కుటుంబం. లోతట్టు ఫెన్ ఊళ్లకు ఈ బొమ్మ బొత్తిగా అతకదు. కేంబ్రిడ్జ్ నుంచి ఈలీ మీదుగా కింగ్స్ లిన్ వెళ్లే రైలెక్కితే కనిపించేది బల్లపరుపు నేల, తిన్నటి కాలువలు, రోడ్డు వెంట ఒకే వరుసలో ఇళ్లు. కేంబ్రిడ్జ్‌కు చదువులకూ ఉద్యోగాలకూ వెళ్లిన తెలుగువాళ్లు చూసే ఉంటారు. ఆ ఊళ్లు అలా ఎందుకు కట్టారో, అక్కడి కూలిపని అలా ఎందుకు నడిచేదో తెలియాలంటే ముందు నేల సంగతి తేల్చుకోవాలి.

## ఎండగట్టిన కొద్దీ కుంగిన నేల

వాష్ అనే అఖాతం చుట్టూ సుమారు 1,500 చదరపు మైళ్ల పల్లపు ప్రాంతాన్ని ఫెన్ అంటారు. 17వ శతాబ్దం దాకా అందులో చాలా భాగం చలికాలంలో మునిగి, వేసవిలో పశువుల మేతకు తేలే చిత్తడి. జనం చేపలు, ఈల్స్ (పాముల్లా పొడవాటి చేపలు), బాతులు, రెల్లు మీద బతికేవారు. 1630లలో నాలుగో బెడ్‌ఫర్డ్ ఎర్ల్, ఆయనతో కలిసి పెట్టుబడి పెట్టినవాళ్లు డచ్ ఇంజనీరు కొర్నేలియస్ వెర్ముయిడెన్‌ను పిలిపించి నీళ్లు తీయించడం మొదలుపెట్టారు. మెలికలు తిరిగే గ్రేట్ ఊజ్ నదికి అడ్డదారిగా తిన్నటి కాలువ తవ్వారు. 1651లో దాని పక్కనే రెండోది వచ్చింది. రెండు కాలువల మధ్య వదిలేసిన పొడవాటి పచ్చిక వరద నీరు తాత్కాలికంగా నిలవడానికి. వెల్నీ ఊరి దగ్గర రోడ్డు ఇప్పటికీ చలికాలంలో మునుగుతుంటుంది. అది ప్రమాదమేమీ కాదు, ఏర్పాటే అలాంటిది.

నీళ్లు పోయాక అసలు చిక్కు బయటపడింది. దక్షిణ ఫెన్‌లో నేల ఎక్కువగా పీట్. వేల ఏళ్లపాటు నీళ్లలో నాని, పూర్తిగా కుళ్లకుండా పేరుకున్న మొక్కల పొర అది. తడి ఉన్నంతకాలం ఉబ్బి ఉంటుంది. నీళ్లు తీసేస్తే ముందు ముడుచుకుపోతుంది. తర్వాత గాలి తగిలి కుళ్లుతుంది, అందులోని కార్బన్ గాలిలో కలిసిపోతుంది. మిగిలిన పొడి మట్టి వసంతకాలపు గాలులకు లేచిపోతుంది. ఇలా ఏడాదికి ఒకటి రెండు సెంటీమీటర్ల చొప్పున నేల దిగిపోతుందని లెక్క. హోమ్ ఫెన్‌లో 1850ల మొదట్లో ఒక ఇనుప స్తంభాన్ని పైకొన నేలకు సమానంగా ఉండేలా పాతారు. ఇప్పుడది దాదాపు 4 మీటర్లు బయటికి కనిపిస్తోంది. ఆ చోటు సముద్ర మట్టానికి 2.75 మీటర్ల దిగువన ఉంది. గ్రేట్ బ్రిటన్‌లో అంతకన్నా పల్లపు నేల లేదు.

నది మాత్రం కిందికి దిగలేదు. ఒండ్రు మట్టి వల్ల, మనుషులు మళ్లీ మళ్లీ ఎత్తు పెంచిన కట్టల వల్ల పైనే ఉండిపోయింది. అందుకే ఫెన్‌లో నదిని చూడాలంటే కట్ట ఎక్కాలి. పొలంలో పడిన వాన నదిలోకి దానంతట అది పారదు, ఎత్తిపోయాలి. మొదట గాలిమరలు ఆ పని చేశాయి, 1820ల నుంచి ఆవిరి ఇంజన్లు, 20వ శతాబ్దంలో డీజిల్, యుద్ధం తర్వాత క్రమంగా కరెంటు మోటార్లు. ఎంత బాగా తోడితే నేల అంత కుంగుతుంది, ఎంత కుంగితే అంత ఎక్కువ ఎత్తుకు తోడాలి.

ఈ ఖర్చు భరించడానికి 1930 చట్టం కింద ఇంటర్నల్ డ్రైనేజ్ బోర్డులు ఏర్పడ్డాయి. మన డెల్టాల్లో నీళ్లు వచ్చినందుకు నీటి తీరువా కట్టినట్టు అక్కడి రైతు నీళ్లు పోయినందుకు కట్టాలి. బోర్డులో కూర్చునేవాళ్లు ఎక్కువగా భూమి ఉన్నవాళ్లే. పంపు ఎప్పుడు ఆన్ చేయాలో, ఏ కాలువ పూడిక ముందు తీయాలో వాళ్లు తేల్చేవారు. ఊరికి జమీందారు లేకపోయినా పెత్తనం లేకపోలేదన్నమాట.

ఇళ్ల తీరులోనూ ఇదే కథ. ఎప్పుడో ఎండిపోయిన పాత నదుల అడుగున ఇసుక, ఒండ్రు పేరుకుని గట్టిపడ్డాయి. చుట్టూ పీట్ కుంగిపోవడంతో అవి పొలాల మధ్య వెన్నుల్లా పైకి తేలాయి. వాటిని రాడన్లు అంటారు. గట్టి నేల అదే కనుక ఇళ్లు వాటి మీద, కట్టల వెంట వరుస కట్టాయి. పీట్ మీద కట్టిన ఇల్లు ఒక పక్కకి ఒరుగుతుంది, గుమ్మానికి ఏళ్లు గడిచే కొద్దీ కొత్త మెట్లు చేర్చాల్సి వస్తుంది, తారు రోడ్డు ఎగుడుదిగుడుగా అలలు తిరుగుతుంది. పొడవైన మట్టిదారుల వెంట ఇళ్లు చెల్లాచెదురుగా ఉండడం వల్ల బడికీ దుకాణానికీ రెండు మూడు మైళ్లు నడక మామూలే.

## 1947: మంచు, ఆ వెంటే గండ్లు

ఫెన్ జనానికి యుద్ధం ముగిసిన 1945 కన్నా 1947 పెద్ద గుర్తు. ఆ ఏడాది జనవరి చివరి వారం నుంచి మార్చి మధ్య దాకా బ్రిటన్ మంచులో కూరుకుపోయింది. బొగ్గు రవాణా ఆగి కరెంటు కోతలు వచ్చాయి. పొలాల్లో గుట్టలు పోసి గడ్డితో, మట్టితో కప్పిన బంగాళదుంపలు గడ్డకట్టి పాడయ్యాయి. ఫెన్‌లో గడ్డకట్టిన కాలువల మీద స్కేటింగ్ పాత అలవాటు. మంచు కాలంలో పొలం పని లేక కూలి ఆగిపోయేది కనుక 19వ శతాబ్దంలో కూలీలు మాంసం, పిండి బహుమతులుగా పెట్టిన పందేల్లో దిగేవారు. అక్కడి నుంచి దేశం పేరెన్నికగన్న స్కేటర్లు వచ్చారు.

మార్చిలో వాన, వెచ్చటి గాలి కలిసి వచ్చాయి. పైన మంచు కరుగుతోంది, కింద నేల ఇంకా గడ్డకట్టే ఉంది. నీరు ఇంకే దారి లేక ఎగువ జిల్లాల నుంచి మొత్తం ఊజ్‌లోకి దిగింది. కట్టల అంచుదాకా నీరున్న వేళ, 16వ తేదీన పెనుగాలి లేచి అలలను కట్టలకేసి కొట్టింది. ఆ కట్టల్లో చాలావాటి పునాది పీటే, అవీ ఏళ్లుగా కుంగుతున్నవే. ఓవర్ ఊరి దగ్గర ఊజ్ కట్ట తెగింది. లిటిల్ థెట్‌ఫర్డ్ దగ్గర మరో గండి, హిల్గే ఫెన్‌లో విస్సీ నదికి ఇంకొకటి. ఉత్తరాన క్రౌలాండ్ దగ్గర వెల్లాండ్ నది కూడా కట్ట దాటింది. ఫెన్ దక్షిణ భాగమైన ఒక్క సౌత్ లెవెల్‌లోనే సుమారు 37,000 ఎకరాలు మునిగాయి.

మామూలు పల్లెలో వరద వస్తే రెండు మూడు రోజుల్లో తీస్తుంది. ఇక్కడ గండి పూడ్చి, తర్వాత నీటిని పంపులతో నదిలోకి ఎత్తిపోస్తే తప్ప పొలం తేలదు. ఓవర్ గండిని మూయడానికి నేల మీదా నీటి మీదా నడిచే సైనిక వాహనాలను వరుసగా నిలిపి అడ్డం కట్టారు. సైనికులతో పాటు ఇంకా ఇళ్లకు వెళ్లని జర్మన్ యుద్ధ ఖైదీలు కూడా ఇసుక బస్తాలు మోశారు.

ఆరేళ్ల తర్వాత దెబ్బ అటు వైపు నుంచి వచ్చింది. 1953 జనవరి 31 రాత్రి ఉత్తర సముద్రం పొంగి ఇంగ్లండ్ తీరంలో 307 మంది చనిపోయారు, కింగ్స్ లిన్‌లో 15 మంది. నెదర్లాండ్స్‌లో మృతులు 1,836. డచ్ ప్రభుత్వం సముద్రపు పాయలకే అడ్డుకట్టలు వేసే భారీ పథకం చేపట్టింది. ఫెన్‌లో సమస్య వేరు. ఎగువ నుంచి వచ్చే నది నీరు, దిగువ నుంచి తోసే సముద్రపు పోటు ఊజ్ మీద ఉన్న డెన్వర్ లాకుల దగ్గర ఎదురుపడతాయి. పోటు ఉన్నంతసేపు గేట్లు మూసి ఉంచాలి, అప్పటిదాకా నది నీరు ఎక్కడో ఒకచోట ఆగాలి. 1954 నుంచి 1964 దాకా సాగిన పనుల్లో డెన్వర్ నుంచి కింగ్స్ లిన్ దాకా నదికి సమాంతరంగా ఒక కొత్త కాలువ, ఫెన్ అంచున లార్క్, లిటిల్ ఊజ్, విస్సీ నదుల వరదను పక్కకు తప్పించే మరో కాలువ తవ్వారు. ఈ రెండో దానికి ఆలోచన వెర్ముయిడెన్ కాలం నాటిదే. మూడు వందల ఏళ్లు అది కాగితం మీద ఉండిపోవడానికి కారణం ఇంజనీరింగ్ రాకపోవడం కన్నా డబ్బు ఎవరు పెట్టాలన్న తగువే అనుకోవాలి. యుద్ధం తర్వాత ఆ డబ్బు ప్రభుత్వం పెట్టింది.

## పంట ఉన్న ఊళ్లో రేషన్

రొట్టె మీద రేషన్ యుద్ధకాలంలో లేదు. శాంతి వచ్చాక, 1946 జులైలో పెట్టి 1948 జులైలో ఎత్తేశారు. చుట్టూ గోధుమ పొలాలున్న ఊళ్లో రొట్టెకు కూపన్లు లెక్కపెట్టుకోవడం విడ్డూరమే. మాంసం మీద ఆంక్ష పోయే సరికి 1954 జులై వచ్చింది.

అయినా రేషన్ కాలంలో ఫెన్ పల్లె పట్నమంత ఇబ్బంది పడలేదు. పెరట్లో కూరగాయలు, కోళ్లు, కాలువలో ఈల్స్, గట్ల మీద కుందేళ్లు, చాలా ఇళ్ల వెనక ఒక పంది. పందిని సొంతానికి కోసుకోవాలంటే ఇంటి బేకన్ కూపన్లు వదులుకోవాలన్నది నిబంధన. జున్ను విషయంలో పొలం కూలీకి ప్రత్యేక వాటా ఉండేది. మామూలు మనిషికి వారానికి 2 ఔన్సుల చుట్టూ దొరికే రోజుల్లో వాళ్లకు 12 ఔన్సులు ఇచ్చారు. ఫ్యాక్టరీ కార్మికుడికి క్యాంటీన్ ఉంటుంది, పొలం కూలీ మూట కట్టుకెళ్లిన రొట్టె మధ్య పెట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి కదా అన్నది ఆ లెక్క. పొలంలో తినే ఆ సద్దిని ఫెన్‌లో డాకీ అంటారు.

## దుంపల పొలంలో ఆడవాళ్లు

ఫెన్ పంటల్లో గోధుమ ఒకటి. ఊరి రోజువారీ బతుకును నడిపించినవి మాత్రం చక్కెర దుంప, బంగాళదుంప, సెలరీ, క్యారెట్. విస్‌బీచ్ వైపు స్ట్రాబెర్రీ, ఆపిల్, స్పాల్డింగ్ వైపు పూలమొక్కల దుంపలు. వీటన్నిటికీ మనుషుల చేతులు కావాలి, అదీ ఏడాదంతా కాకుండా కొన్ని వారాల్లో కుప్పగా కావాలి. అందుకే శాశ్వత జీతగాళ్లుగా కొద్దిమంది మగవాళ్లు, పని ఎత్తున ఉన్నప్పుడు ఆడవాళ్ల ముఠాలు అనే పద్ధతి స్థిరపడింది. ముఠా మేస్త్రీ రైతుతో పని మాట్లాడుకుని, లారీలోనో వ్యానులోనో ఊళ్లోంచి ఆడవాళ్లను తీసుకెళ్లి, కూలి పంచేవాడు. ఈ పద్ధతి ఎంత పాతదంటే 1867లోనే దీని మీద ఒక చట్టం వచ్చింది. చిన్న పిల్లలను ముఠాల్లో పెట్టకూడదని, మేస్త్రీకి లైసెన్సు ఉండాలని.

చక్కెర దుంపకు ఇంత మంది ఎందుకంటే, కారణం విత్తనంలో ఉంది. ఆ రోజుల్లో వాడిన విత్తనం నిజానికి కొన్ని గింజలు అతుక్కుని ఉన్న గుత్తి. ఒక్కటి నాటితే మూడు నాలుగు మొలకలు గుమికూడి లేస్తాయి. వాటిని అలాగే వదిలితే ఏ దుంపా ఊరదు. కాబట్టి మే, జూన్ నెలల్లో కూలీలు పార పట్టుకుని సాలు వెంట నడుస్తూ మధ్య మొక్కలు కొట్టేయాలి, మిగిలిన ప్రతి గుత్తిలో ఒక్కటి ఉంచి తక్కినవి పీకాలి. ఎకరాల కొద్దీ ఇదే పని. కూలి ఎక్కువగా గుత్తకే, ఎంత దూరం చేస్తే అంత. ఒక్క మొలక ఇచ్చే విత్తనం 1960లలో అందుబాటులోకి రావడంతో ఈ పనికి కాలం చెల్లడం మొదలైంది. కూలీల వలసల మీద రాసేవాళ్లు ట్రాక్టరు గురించే ఎక్కువ చెబుతారు. ఫెన్ ఆడవాళ్ల విషయంలో ఈ విత్తనం ట్రాక్టరు కన్నా తక్కువదేమీ కాదు.

శరదృతువులో దుంప తీత. రెండు దుంపలు చేతుల్లోకి తీసుకుని ఒకదానికొకటి కొట్టి మట్టి దులిపి, కొక్కెపు కత్తితో ఆకు కోసి కుప్ప వేయాలి. చలి, తడి, బురద. ఫ్యాక్టరీ కాలాన్ని క్యాంపెయిన్ అంటారు, అది శరదృతువు నుంచి జనవరి దాటే దాకా రాత్రింబవళ్లు సాగేది. 1925లో మొదలైన ఈలీ, విస్సింగ్టన్ ఫ్యాక్టరీలు, పీటర్‌బరో, స్పాల్డింగ్, కింగ్స్ లిన్ ఫ్యాక్టరీలు పొలంలో పని తగ్గే చలికాలంలో మగవాళ్లకు షిఫ్టు పని ఇచ్చేవి. ఐర్లండ్ నుంచి కూడా మనుషులు వచ్చేవారు.

బంగాళదుంపల తీతలో బడి పిల్లలు కూడా ఉండేవారు. యుద్ధకాలంలో 1942 నిబంధనల ప్రకారం 12 ఏళ్లు దాటిన పిల్లలకు ఏడాదిలో 20 పూటల దాకా పొలం పనికి సెలవు ఇవ్వవచ్చు. యుద్ధం ఆగగానే ఈ అలవాటు ఆగలేదు. దుంపలు తీసే వేళకు బడి సెలవు రావడం ఊరికి మామూలైపోయింది. ప్రభుత్వం ఒక పక్క బడి వయసు పెంచుతూ, ఇంకో పక్క అదే పిల్లలు పొలానికి వెళ్లడాన్ని చూసీ చూడనట్టు ఊరుకుంది. తిండి కొరత ఉన్న దేశంలో ఈ రెండూ పక్కపక్కనే నడిచాయి.

యుద్ధం మిగిల్చిన మనుషులూ ఈ పొలాల్లో ఉన్నారు. యుద్ధకాలంలో పొలం పనులకు ఆడవాళ్లను చేర్చుకున్న విమెన్స్ లాండ్ ఆర్మీని 1950 నవంబరులో రద్దు చేశారు. 1946లో బ్రిటన్‌లో ఇంకా లక్షల మంది జర్మన్ ఖైదీలు ఉన్నారు, వాళ్లలో చాలామంది పొలం పనుల్లోనే. ఆ డిసెంబరులో వాళ్లు స్థానికులతో కలవకూడదన్న నిషేధం ఎత్తేశారు, 1947లో పెళ్లిళ్లకూ అనుమతి వచ్చింది. 1948 నాటికి దాదాపు అందరూ వెళ్లిపోయినా, సుమారు 24,000 మంది బ్రిటన్‌లోనే ఉండిపోయారు.

## పొలం నిండా నీళ్లు, ఇంట్లో తొట్టె

నీళ్లతో నిత్యం పోరాడే ఊళ్లో తాగే నీటికి కటకట. పీట్ నేలలోని నీరు గోధుమ రంగులో ఉంటుంది, బావికి పనికిరాదు. చాలా ఇళ్లు కప్పు మీద పడిన వాన నీటిని తొట్టెల్లో పట్టుకుని వాడుకునేవి. మరుగుదొడ్డి అంటే పెరటి చివర బకెట్టు పెట్టిన గది. వెలుతురుకు కిరోసిన్ దీపం. రేడియో వినాలన్నా నీళ్ల బ్యాటరీని దుకాణంలో చార్జింగ్ పెట్టించి తెచ్చుకోవాలి.

1944 గ్రామీణ నీటి సరఫరా చట్టం ఇంగ్లండ్, వేల్స్ పల్లెలకు కోటిన్నర పౌండ్ల గ్రాంటు ప్రకటించింది. 1948 ఏప్రిల్‌లో కరెంటు జాతీయం అయింది. చట్టం రాగానే కుళాయి రాలేదు, పని చాలా ఊళ్లలో 1950లలోకి సాగింది. అందులోనూ మురుగు పైపులు చివర వచ్చాయి. బల్లపరుపు నేలలో మురుగు వాలుకు పారదు, దానికీ పంపు పెట్టాలి. కుంగే నేలలో పైపు విరుగుతుంది. కొండ పల్లెలో ఒక రూపాయికి అయ్యే పని ఇక్కడ అంతకు ఎక్కువే తింటుంది. అందుకే నీళ్ల కుళాయి వచ్చిన తర్వాత కూడా కొన్నేళ్లు బకెట్టు దొడ్లు నడిచాయి.

ఇంటి ఆడవాళ్ల దృష్టిలో అసలు మార్పు కౌన్సిల్ ఇళ్లు, అంటే స్థానిక ప్రభుత్వం కట్టి అద్దెకిచ్చినవి. అప్పట్లో ఇళ్ల శాఖ కూడా చూసిన ఆరోగ్య మంత్రి అన్యూరిన్ బెవాన్ మూడు పడకగదుల ఇంటికి 900 చదరపు అడుగులైనా ఉండాలని, లోపలే మరుగుదొడ్డి ఉండాలని పట్టుబట్టారు. ఒరిగిపోయిన కుటీరం నుంచి అలాంటి ఇంట్లోకి మారడం మామూలు సౌకర్యం కాదు. అద్దె ఇంటి మీద పెత్తనం రైతు చేతిలోంచి కౌన్సిల్ చేతిలోకి మారింది. అంతకుముందు చాలామంది కూలీల ఇల్లు కొలువుతో ముడిపడి ఉండేది. రైతుతో మాట పడితే పనితో పాటు గూడూ పోయేది. యూనియన్‌లో చేరాలన్నా, కూలి పెంచమని అడగాలన్నా ఆ భయమే అడ్డం. అలాంటి ఇళ్లలో ఉన్నవాళ్లకు చట్టపరమైన రక్షణ 1976లో గాని రాలేదు. కౌన్సిల్ ఇల్లు దొరికిన కుటుంబానికి మాత్రం ఆ టెన్షన్ ముందే తీరింది.

1948 జులై 5న జాతీయ ఆరోగ్య సేవ మొదలైంది. డాక్టరు ఫీజు భయం పోయింది, దూరం మాత్రం పోలేదు. యుద్ధంలో ఈలీలో పెట్టిన వైమానిక దళ ఆసుపత్రి తర్వాత మామూలు జనానికీ వైద్యం చేసింది. చుట్టూ యుద్ధకాలపు విమానాశ్రయాలు ఉండడం వల్ల దక్కిన లాభాల్లో ఇదొకటి.

## బడి, చాపెల్, బస్సు

1947 ఏప్రిల్ 1న బడి విడిచే వయసు 15కు పెరిగింది. గండ్లు పడి అప్పటికి రెండు వారాలే. అంతకుముందు ఐదేళ్ల పిల్ల నుంచి పద్నాలుగేళ్ల పిల్ల దాకా ఒకే ఊరి బడిలో ఉండేవారు. కొత్త పద్ధతిలో 11 ఏళ్లకు పరీక్ష, తర్వాత పట్నం బడికి బస్సు. కేంబ్రిడ్జ్‌షైర్ విద్యాధికారి హెన్రీ మోరిస్ ఇంకో దారి చూపారు. 1930లో సాస్టన్‌లో మొదలైన ఆయన విలేజ్ కాలేజీల్లో పగలు పిల్లల బడి, సాయంత్రం పెద్దల తరగతులు, లైబ్రరీ, హాలు అన్నీ ఒకే చోట. చదువుకున్నవాడు ఊరు విడవకుండా చేయాలన్నది ఆయన ఉద్దేశం. పొలంలో పని తగ్గిపోతున్నప్పుడు కాలేజీ ఒక్కటే ఎవరినీ ఆపలేదు.

ఆదివారాలు చాపెల్‌వి, అంటే అధికారిక చర్చికి బయట ఉన్న క్రైస్తవ శాఖల చిన్న ప్రార్థనా మందిరాలవి. ఫెన్‌లో అలాంటి శాఖవాళ్లైన మెథడిస్టులు బలంగా ఉండడానికి ఊళ్ల అమరికే ఒక కారణం. పాత పారిష్ చర్చి దూరంగా మెరక మీద ఉంటే, మట్టిదారి పక్కన ఇటుకలతో చిన్న చాపెల్ కట్టుకోవడం కూలీలకూ చిన్న రైతులకూ సాధ్యమైంది. టీవీ వచ్చాక సాయంత్రాలు మారాయి. 1953 జూన్ 2న రాణి పట్టాభిషేకం చూడడానికి ఊళ్లో సెట్టున్న ఇంట్లో ఇరుగుపొరుగు గుమిగూడడం దేశమంతటా జరిగిన సంగతే.

## ధర హామీ, దాని వెనక ట్రాక్టరు

1947 వ్యవసాయ చట్టం గోధుమ, బార్లీ, బంగాళదుంప, చక్కెర దుంప వంటి పంటలకు, పాలు, గుడ్లు, పశువులకు ముందే చెప్పిన ధర ఇస్తానని హామీ ఇచ్చింది. కౌలుదారును తేలిగ్గా తొలగించకుండా రక్షణ కూడా ఇచ్చింది. రెండు యుద్ధాల మధ్య ధరలు కూలి అప్పుల్లో పడ్డ ఫెన్ రైతుకు ఇది పెద్ద ఊరట. కౌంటీ కౌన్సిళ్లు కౌలుకిచ్చే చిన్న కమతాలు ఇక్కడ ఎక్కువ కనుక, ఆ హామీ పెద్ద రైతుతో పాటు కొద్ది ఎకరాలవాడికీ అందింది.

ధర తెలిసిన రైతు అప్పు చేయడానికి జంకడు. బ్రిటన్ పొలాల్లో 1939లో దాదాపు 56,000 ట్రాక్టర్లుంటే 1946కి 2 లక్షలు దాటాయి. 1946 నుంచి కోవెంట్రీలో తయారైన చిన్న ఫెర్గూసన్ ట్రాక్టరు చిన్న కమతాలకూ సరిపోయింది. భారీ షైర్ గుర్రాలు 1950లలో పొలాల్లోంచి తప్పుకున్నాయి, వాటితో పాటు గుర్రాలు చూసేవాళ్లు, లాడం కొట్టేవాళ్లు. అదే దశకంలో దుంప తీసే యంత్రం వచ్చింది. కాలువల పూడిక తీసే పారపనికి క్రేను బకెట్టు వచ్చింది. కూలి రేట్లు పెరగడం కూడా రైతును యంత్రం వైపు నెట్టింది. గనుల ఊళ్లతో పోలిస్తే ఒక తేడా ఉంది. గని మూతపడితే ఊరు ఒక్కసారి కూలుతుంది, సమ్మె జరుగుతుంది, వార్తవుతుంది. ఫెన్‌లో ఏడాదికి ఒకరిద్దరు చొప్పున పని మానడం వల్ల ఎవరూ గోల చేయలేదు.

తర్వాత రైళ్లు పోయాయి. ఫెన్ మీదుగా నార్ఫోక్ తీరానికి వెళ్లే మిడ్‌లాండ్ అండ్ గ్రేట్ నార్తర్న్ మార్గంలో ఎక్కువ భాగాన్ని 1959లో మూసేశారు. విస్‌బీచ్ నుంచి అప్‌వెల్ దాకా పండ్లు మోసిన ట్రామ్ లైను 1966లో ఆగింది. కారున్నవాళ్లు పట్నంలో పనికి వెళ్తూ ఊళ్లో ఉన్నారు, లేనివాళ్లు మెల్లగా పట్నానికి మారారు.

## ఇప్పుడు నడుస్తున్న రెండు చర్చలు: కూలీలు, నేల

ముఠా పద్ధతి మాత్రం పోలేదు, మనుషులు మారారు. 2004లో యూరోపియన్ యూనియన్ విస్తరించాక లిథువేనియా, పోలండ్, లాత్వియాల నుంచి వచ్చినవాళ్లు విస్‌బీచ్, బోస్టన్, స్పాల్డింగ్ పొలాల్లో, కూరగాయలు ప్యాక్ చేసే షెడ్లలో చేరారు. అదే ఏడాది వాయవ్య ఇంగ్లండ్‌లోని మోర్‌కాంబ్ అఖాతంలో చైనా కూలీలు మునిగి చనిపోయిన ఘటన తర్వాత మేస్త్రీలకు మళ్లీ లైసెన్సు చట్టం వచ్చింది. యూరోపియన్ యూనియన్‌లో ఉండాలా వద్దా అన్న 2016 రెఫరెండంలో బోస్టన్ 75.6 శాతం ఓట్లతో బయటికే మొగ్గింది, దేశంలో అదే అత్యధికం. ఊరివాళ్ల తల్లులూ అమ్మమ్మలూ చేసిన పనినే కొత్తవాళ్లు చేస్తున్నారన్న సంగతి ఆ ప్రచారంలో పెద్దగా వినిపించలేదు. 2019 నుంచి ఆరు నెలల సీజనల్ వీసాల మీద కూలీలను రప్పిస్తున్నారు.

రెండో చర్చ నేలది. ఇంగ్లండ్‌లో అత్యుత్తమ శ్రేణి సాగుభూమిలో దాదాపు సగం ఫెన్‌లోనే ఉందని అంచనా. ఆ నేలలో పీట్ తగ్గిపోతూ కార్బన్‌ను వదులుతోంది. హోమ్ ఫెన్ చుట్టూ 2001లో మొదలైన గ్రేట్ ఫెన్ ప్రాజెక్టు కొంత భూమిని తిరిగి తడి నేలగా మారుస్తోంది. సాగులో ఉన్న మిగతా చోట్ల కాలువల్లో నీటి మట్టం కాస్త పెంచితే పీట్ నిలుస్తుంది, కానీ దుంప తీసే బరువైన యంత్రాలు ఆ తడిలో దిగబడతాయి. ఈలోగా తూర్పు ఇంగ్లండ్‌కు తాగునీటి కొరత పట్టుకోవడంతో ఛాటెరిస్ దగ్గర పెద్ద రిజర్వాయరు కట్టాలని ప్రతిపాదించారు.

యూరప్ సబ్సిడీల స్థానంలో ఇప్పుడు బ్రిటన్ ప్రభుత్వం పర్యావరణ పనులకు ఇంగ్లండ్ రైతులకు డబ్బు ఇస్తోంది. కాలువలో నీరు ఎంత ఎత్తున ఉంచాలో తేల్చేది ఇంకా డ్రైనేజ్ బోర్డులే, వాటిలో రైతుల మాటే చెల్లుతుంది. 1947లో ధర హామీ చూసి అప్పు చేసి ట్రాక్టరు కొన్నట్టుగా, పొలాన్ని తడిగా ఉంచే సాగుకు ఈ తరం రైతు దిగాలంటే చెల్లింపు ఎన్నేళ్లు ఉంటుందో ముందే తెలియాలి. ప్రభుత్వ పథకాలు ఇప్పటికే పలుమార్లు మారాయి.